ఏడో సందు

బ్రెమర్‌హావెన్ రేవు పక్కన
నలభై మీటర్ల గోదాము, కిటికీ లేదు.
లోపల దీపం పెట్టరు.
క్రేనుకు అరలన్నీ కంఠతా వచ్చు.

పట్టాలమీద పరుగెడుతూనే పైకి పాకుతుంది,
నాలుకలా ఫోర్కు చాపి
ఖాళీ ఎక్కడుంటే అక్కడ దించుతుంది:
కాడ్ చేప పక్కన బఠాణీలు,
వాటి నెత్తిన ఎవరి పెళ్ళికో ఐస్‌క్రీము.
వావీ వరసా లేదు;
ఏది ఎక్కడుందో కంప్యూటరుకే ఎరుక.

ఇవాళ ఏడో సందు ఆగిపోయింది.
వీబ్కె ఒంటికి తాడు బిగించి ఎక్కింది
మైనస్ ఇరవై ఎనిమిదిలో,
అగ్గిపుల్ల అంటుకోని పలచటి గాలిలో,
నాలుగు మెట్లకోసారి ఆగి.
పైన, చిరిగిన ప్లాస్టిక్ తోకొకటి
యంత్రం ఒంటికన్నుకు అడ్డం పడి ఉంది.
గ్లవుజు తీసి గోటితో పీకేసింది.

ఆమె దిగేదాకా క్రేను కదలకూడదు.
తొందరేం పడలేదు.