తరుగు

"ఎవరికక్కా? ఏం చదువుతరు?"
దుకాణంల పిల్లగాడు అడుగుతుంటే
కుడిచేతిల ఒక పుస్తకం, ఎడమచేతిల ఒకటి పట్టుకొని
నేను కండ్లు మూసుకున్న.

నాయిన నేర్పిన విద్యే ఇది.
నల్లగొండ మార్కెట్ యార్డుల ముప్పై రెండేండ్లు
దడవాయి జానయ్య.
బస్తా కాంటకెక్కకముందే దాని భుజమ్మీద చెయ్యేసి
"డెబ్బై ఒకటి. కిలో అటిటు" అనేటోడు.
ఆ మాట విన్నంకనే ముల్లు ఆగేది.
తరుగు కింద ఇంకో రెండు కిలోలు కొట్టమని సేటంటే
చీటీ మీద పెన్ను ఆనిచ్చి
రాయకుండ అట్లనే నిలబడేటోడు,
వెనుక బండ్లు ఎన్ని ఆగినా సరే.

ఇప్పుడు ఆ మెడ వంగదు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన మెడ,
ఎముకకు ఎముక అతుక్కపోయింది.
ఒళ్లో పెట్టుకొని చదువుదామంటే తల దిగదు,
పుస్తకమే కండ్లకాడికి ఎక్కాలె.
మోచేతులేమో సగం తొవ్వల ఆగిపోతయి.
పోయినేడు నేనిచ్చింది
నాలుగో పేజీకే ఛాతి మీద పడ్డది.
"నిద్రొచ్చింది బిడ్డా" అన్నడు
కండ్లు తెరుచుకునే.

జూలై ఒకటి ఆయన పుట్టినరోజు.
అంటే, ఆధార్ కార్డు రాసినాయన పెట్టిన రోజు.

పిల్లగాడు సన్నటివన్నీ ముందలేసిండు.
షుగరుకు పథ్యం, వాకిలికి వాస్తు,
రోజుకో మంచిమాట.
సన్నపుస్తకాలన్నీ బుద్ధి చెప్పేటివే ఎందుకైతయో!
తర్వాత ఏమైందో చెప్పేటివన్నీ లావువే.
మా నాయినకు కావాల్సింది
తర్వాత ఏమైందనే.

ఆరువందల నలభై పేజీల నవల కొన్న.
ముప్పావు కిలో. నా చెయ్యి అబద్ధమాడదు.

ప్రకాశం బజార్ వెనుక సందుల
ఖాతాపుస్తకాలకు జిల్దు కట్టే సలావుద్దీన్ సాబ్
దాన్ని వాసన చూసి నా మొఖం చూసిండు.
"చినిగినయి కలిపెటోన్ని నేను.
కొత్త కితాబును కోయమంటవా?"
సంగతి చెప్పిన.
కాసేపు ఏమనలే. చాయ్ తాగిండు.
కత్తి నూరుకుంట నూరుకుంట
"ఎన్ని ముక్కలు?" అన్నడు.
తొమ్మిది.
పాత పెండ్లిపత్రికల అట్టలేసి కుట్టిండు.
మూడో భాగం మీద ఎవరిదో శుభముహూర్తం,
ఏడో భాగం మీద విందు.

నాయిన ఒకటి అరచేతిలకు తీసుకున్నడు.
మెడ కదలలేదు, కండ్లు మాత్రం పక్కకొచ్చినయి.
"ఎనబై గ్రాములు.
ఎర్రగడ్డంత ఉంది."
ఇగ అంతే, మెచ్చుకున్నట్టో కాదో తెల్వదు.
అన్నం తినేటాళ్లకు రెండో భాగం అడిగిండు.

నాలుగోదాంట్ల సాబ్ కత్తి జారింది.
ఎడమ పేజీల కొస అక్షరాలు లేవు,
కుడి పేజీల మొదటి అక్షరాలు లేవు.
నాకు పాణం సుక్కుమన్నది.
"ఇంకోటి తెచ్చి కోయిస్త నాయినా."

"ఉండనీ. సాబు తరుగు తీసిండు,
చీటీ మీద రాయలే గంతే"
అని నవ్విండు. నవ్వితే భుజాలతోటి కలిసి
మొత్తం మనిషి ఊగుతడు.

రాత్రి అర్రలకెల్లి గొంతు ఇనబడుతుంది.
పంక్తి కొసకాడ ఆగుతున్నడు.
ముల్లు నిలబడేదాక కాంటల
గుప్పెడు, ఆపైన చిటికెడు
గింజలు జారవిడిచినట్టు
ఒక్కో అక్షరం తనదే ఏస్తున్నడు.

ఒకకాడ చాలాసేపు ఆగిండు.
నేను తలుపుకాడ నిలబడ్డ.
ఆమె వచ్చిందో, వచ్చిండ్రో,
వస్తనని రాలేదో,
అక్కడ ఏ అక్షరమైనా పట్టేటట్టున్నది.

ఇంకా తూకమేస్తున్నడు.