సగం చేస్తే దూరం

బైరాగిపట్టెడలో రెండో అంతస్తు గది.
కింద దోసెల బండి, కాలిన పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు.
నా తెర మీద అండమాన్ సముద్రం అడుగు.

ఓడ నేనెక్కలేదు.
ఎక్కినవాళ్ళు పంపిన హార్డ్ డిస్కును
కొరియర్ కుర్రాడు సంతకం పెట్టించుకుని ఇచ్చిపోయాడు.
అంత చీకటీ
బుడగల కవరు చుట్టుకుని అరచేతిలో పట్టింది.

తాడుకు కట్టి ఓడ ఈడ్చే యంత్రాన్ని చేప అంటారు.
నేలకు నలభై మీటర్ల ఎత్తున ఈదుతూ
శబ్దాన్ని విసనకర్రలా విప్పుతుంది.
పోయిన సేపూ వచ్చిన సేపూ కలిపి
సగం చేస్తే దూరం.
ఆలస్యమే అక్కడ కొలబద్ద.

నా పని ఏరడం.
అమ్మ చేటలో బియ్యం ఉంచి రాళ్ళు పారేసేది,
నేను రాళ్ళుంచి తక్కినవి పారేస్తాను:
చేపల మంద, ఓడ గురక,
ఎక్కడిదో తెలియని ఒక దగ్గు.

పుంగనూరు పక్క మా చెంగల్రాయ మామ
ఇరవై ఏళ్ళు బోరుబండి మీద ఉన్నాడు.
దుమ్ము రంగు మారకముందే
మోత విని "రాయి మారిందబ్బా" అనేవాడు.
ఎనిమిదొందల అడుగులు దాటినాక
రైతు గుంతలోకి చూసేవాడు కాదు,
మామ మొహంలోకి చూసేవాడు.
"ఒక దెబ్బ విని చెప్పకూడదు మే,
ఇంకో దెబ్బ ఏయించు. అప్పుడు చూద్దాం."

ఆరేళ్ళ కిందటి పటం ఒకటి,
మొన్నటిది ఒకటి.
ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే
తెరంతా బూడిద రంగు. ఏమీ జరగనట్టు.
అంచున మాత్రం ఒక కాలువ,
బురద నడిచే పాత దారి,
నడిమికి తెగి
అవతలి ముక్క పక్కకు జరిగి ఉంది,
రాత్రికి రాత్రి ఎవరో చెరుకుతోట గట్టు జరిపినట్టు.

నమ్మలేదు.
తాడు ఊగిందేమో, చేప వంకరగా ఈదిందేమో.
రెండు పటాల్లోనూ కదలని బండనొకదాన్ని వెతికి
మేకులా దిగ్గొట్టి మళ్ళీ పరిచాను.
రెండు మీటర్లు.
పాత పేపర్లు తిరగేస్తే
ఒక జూన్ నెల మూలన నాలుగు వాక్యాలు,
చివరిది: నష్టమేమీ లేదు.

ఆదివారం పిల్లల్ని ఘాటు రోడ్డుకు తీసుకెళ్ళాను.
కింద గ్రానైటు, పైన వేరే రాయి,
నడుమ వేలు పట్టేంత గీత.
అందులో కోట్ల ఏళ్ళు లేవు.
ఆ మలుపులోనే
బస్సు కిటికీలోంచి ఒక పెద్దాయన తల బయటపెట్టాడు,
చేతిలో నిమ్మకాయ, కళ్ళు మూసుకుని.

"ఇదీ కదులుతా ఉందా మేడం?"
మదనపల్లె రెడ్డెప్ప అడిగాడు.
సంచిలో సుత్తి తీయబోయి
కొట్టకూడదన్న బోర్డు చూసి
పిడికిలితో తట్టి, చెవి ఆనించాడు.

ఇంకో బస్సు ఎక్కుతోంది, హారన్ కొడుతూ.
అది పోయేదాకా
ఎవరమూ మాట్లాడలేదు.