ఒక వరుస ఖాళీ

అనంతపురం టవర్ క్లాక్ కాడ మెట్లెక్కితే
రెండో రూము నాది.
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, సగం తిరిగే ఫ్యాను.
బోర్డు మీద డీటీపీ, థీసిస్ వర్క్, స్పైరల్ అని ఉంటాది.
ఆఖరి 'ల్' ఎండకు వెలిసిపోయ.

పదహైదేండ్లుగా మంది రాతలు సర్దుతాండా.
ఏ పుస్తకమూ పూర్తిగా చదివింది లేదు,
అన్నింటి అంచులూ తెలుసు.
ఎడమ పక్క అంగుళమున్నర వదలాల,
అది కుట్టుకు పోతాది.
తక్కిన మూడు పక్కలా అంగుళం.
ఇంగ్లీషుకు పన్నెండు, తెలుగుకు పద్నాలుగు.
వరుసకూ వరుసకూ నడుమ ఒకటిన్నర ఎడం.
ఇంగ్లీషుకది చూపు కోసం,
మనకైతే ఒత్తుల కోసం.
'రాష్ట్ర' అనే మాటొకటి పడిందంటే
కింది వరుస తలకట్టు మీద కాలు పెడతాది.

వన్నూరమ్మ వచ్చేసరికి రాత్రి తొమ్మిది.
ఇటుకలపల్లి బస్సు దిగి
సంచి నిండా కాగితాలు,
చున్నీ కొసకు ముడేసిన పెన్‌డ్రైవు.
రేపు సాయంత్రం ఐదుకు ఇచ్చేయాలంట.
విషయం: మెట్ట పొలాల్లో విత్తనం దాచుకునే తీర్లు.

ఫైలు తెరిస్తే,
పాత ఫాంటు నుంచి యూనికోడుకు మారేటప్పుడు
కొర్రలన్నీ పగిలిపోయి ఉండాయి.
'ర్ర' ఉండాల్సిన చోటల్లా
ఖాళీ గళ్లు.
నూట నలభై పేజీలు.
చాటలో రాళ్లేరినట్టు
ఒక్కొక్క కొర్రనూ ఏరి నిలబెట్టినా.

ఏరుతా ఏరుతా చదివినా,
ఇన్నేండ్లలో మొదటిసారి.
'బూడిదలో కలిపి, కాగు మూతికి పేడ మెత్తి,
అమాస దాటినాకే తెరవాల'
అని ఒకామె చెప్తాండాది.
ఎనక పేజీలోనూ ఆమే,
ముందర పేజీలోనూ ఆమే.
మూడో అధ్యాయమంతా ఆమె నోరే.

ఎవరమ్మా ఈమె?
'కుళ్లాయమ్మ సార్. ఎర్రగుంతపల్లి.'

రెండున్నరకు చివరి జాబితా కాడికి వచ్చినాం.
ఇంటిపేరు, కామా, పేరు,
బ్రాకెట్లో సంవత్సరం, చుక్క.
మొదటి వరుస అంచుకు ఆనుకోని ఉండాల,
తర్వాతవి అర అంగుళం లోపలికి,
ఇంటాయన అరుగు మీద,
తక్కినోళ్లు గడప లోపల ఉన్నట్టు.

కుళ్లాయమ్మ ఇంటిపేరు?
వన్నూరమ్మ అడిగిందంట.
'పుట్టినోళ్లు చేతికిచ్చి పంపలా.
కట్టుకున్నోడిది వాడితోనే పోయ.
ఏదో ఒకటి రాసుకో పో.'
సంవత్సరం?
ఆమెను అచ్చేసిందెవురు, ఏడాది వేసేదానికి?

గైడు సారు ఎర్రసిరాతో ముందే రాసి పెట్టినాడు:
'వ్యక్తిగత సంభాషణ. జాబితాలో చేర్చరాదు.
పాఠకుడు వెతికితే దొరకదు.'
ఆయన్ను అనేదానికి లేదు. నియమం అట్లే ఉండాది,
నేనే ఎంతమందికో చెప్పినా.

'దొరకదంటే ఏంది సార్?
ఎర్రగుంతపల్లికి బస్సుంది కదా.
పొద్దున ఏడుకొకటి, మాపున నాలుక్కొకటి.'

ఏం చెప్పాలో తోచలా.
డిలీట్ నొక్కినా.
కాశీపతి కిందికి కృష్ణస్వామి జరిగొచ్చె,
సందు లేకుండా, కుదురుగా.
గుణింతం ప్రకారం
ఆమె ఆ ఇద్దరి నడుమ ఉన్నింది.

నాలుగైంది. వన్నూరమ్మ కుర్చీలోనే
తల వాల్చి కునుకు తీస్తాండాది.
కింద పాలవ్యాను ట్రేలు దించే చప్పుడు.
కాశీపతి చివర చుక్క పక్కన కర్సరు పెట్టి
ఎంటర్ ఒకసారి నొక్కినా.

ఒక వరుస ఖాళీ.

పదహైదేండ్లలో తెలిసి చేసిన తప్పు ఇదొక్కటే.
చూసే పెద్దమనిషి పెన్సిలుతో సున్నా చుడితే చుట్టనీ.
డీటీపీవాడికి పని రాదనుకుంటాడు,
అంతే కదా.

ఐదు కాపీలు. నీలం రెక్జిను, బంగారు అక్షరాలు.
కింద బైండింగు అంగట్లో దస్తగిరి
ఎడమ పక్క అంగుళమున్నరలో దబ్బనం దించుతా
నా దిక్కు చూడకుండానే అనె:
'బాగా వదిలినావు బ్బా, చోటు.'