మోచేతుల దాకా

వాళ్ళు కొండ దిగి వస్తారు, ఇద్దరిద్దరుగా,
కనుబొమల్లో యూకలిప్టస్ మసి.
ఎవరొచ్చినా నా మొదటి మాట ఒకటే:
"కోటు విప్పు."

ముప్పై ఏళ్ళు ఈ లోయలో చేపలమ్మాను.
ఫిగైరా రేవులో తెల్లారగట్ల సరుకెత్తి,
మంగళవారం, శుక్రవారం, మలుపు మలుపుకీ హారన్ కొడుతూ.
ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి.
వ్యాను మిగిలింది. ఐసు పోసే నీలం తొట్లు ఆరు మిగిలాయి.
ఊరి వలంటీర్ల దళంలో నా హోదా ఏం రాయాలో తెలీక
కమాండర్ అబీలియో కాసేపు తల గోక్కుని
"తొట్ల డియోలిండా" అని రాసుకున్నాడు.

తొట్టిలో నీళ్ళు, నీళ్ళలో కాస్త ఐసు.
చేతులు మోచేతుల దాకా ముంచి కూర్చోవాలి.
పది నిమిషాలు. ఇరవై అయితే మేలు.
అంతేనా, అంటారు కొత్తవాళ్ళు.
అంతే.
ముంజేతుల్లో చల్లబడ్డ నెత్తురు
లోపలికి వెళ్ళి గుండెతో నెమ్మదిగా మాట్లాడుతుంది.
పక్కన ఉప్పు కలిపిన నీళ్ళు, గుక్క గుక్కగా.
ఎన్నిసార్లు తోమినా పోని సార్డీన్ వాసన
వాళ్ళ వేళ్ళకి అంటుకుంటుంది.
"మా ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ దగ్గరికి రావట్లేదు"
అని జెఫెరీను రోజూ అదే జోకు వేస్తాడు.
రోజూ నవ్వుతాను. నవ్వితే ఇంకో నిమిషం కూర్చుంటాడు.

కొండ మీది మంట అందరికీ కనిపిస్తుంది.
దానికోసం హెలికాప్టర్లొస్తాయి, టీవీవాళ్ళొస్తారు.
కోటు లోపల రాజుకునేదాన్ని చూడ్డానికి
ఎవరూ రారు.
గొట్టం లాగే భుజం ఒక కొలిమి,
వాలెక్కే తొడ ఇంకో కొలిమి,
చెమటకి గాలి తగలదు, ఆరదు,
బట్టకీ చర్మానికీ మధ్య మరుగుతుంది.
మంట ఇంకా ఆమడ దూరంలో ఉండగానే
మూత పెట్టిన గిన్నెలో మెతుకులా
మనిషి ఉడికిపోగలడు.

ఆ ఆగస్టు మధ్యాహ్నం టెల్మో ఒంటరిగా దిగాడు.
జతగాడు ఏడంటే భుజాలెగరేశాడు.
"కోటు విప్పు."
"నాకేం? బానే ఉన్నా."
బానే ఉన్నవాడి వేళ్ళు గుండీల దగ్గర దారి తప్పాయి.

నర్సు గ్రాసా తేదీ అడుగుతుంది.
మంటల రోజుల్లో తేదీ నాకే గుర్తుండదు.
అందుకని నేను వేరేది అడుగుతాను:
"మీ అమ్మమ్మ నా దగ్గర ఏం కొనేదిరా?"
ఈ లోయలో పుట్టిన ఎవడైనా చెప్పగలడు.
టెల్మో నవ్వాడు.
"వ్యాన్లోనే కూర్చుందిగా, ఆవిడనే అడుగు."

ఆవిడ పోయి ఆరేళ్ళు.

చేప చెడితే ముందు కన్ను చెబుతుంది.
ఆ కన్ను నాకు తెలుసు.
అరిచాను. తొట్ల దగ్గర కూర్చున్నవాళ్ళు లేచారు,
వాణ్ణి పడుకోబెట్టి, ఉన్నదంతా విప్పేసి
ఆరు తొట్లూ మీద కుమ్మరించారు.
చంకల్లో ఐసు, మెడ కింద ఐసు, గజ్జల్లో ఐసు,
అట్టముక్కతో విసురుతూ జెఫెరీను, ఈసారి జోకు లేకుండా.
రేడియోలో గ్రాసా గొంతు:
"ముందు చల్లార్చండి. తర్వాతే బండెక్కించండి."
వడదెబ్బ అంటే చిన్న మాటలా వినిపిస్తుంది.
దెబ్బ ఎక్కడ పడిందో చూపించడానికి గాయం ఉండదు.

ఎంతసేపో తెలీదు. వాడి దవడ వణికింది.
"చలేస్తోంది" అన్నాడు.
కొయింబ్రా వెళ్ళే అంబులెన్సు తలుపు మూస్తుంటే
నా వైపు కాకుండా ఆకాశంకేసి చూస్తూ:
"చిన్న కారపావులు. తలలు పారేయనిచ్చేది కాదు."

ఆ రాత్రి కొండ అవతలివైపంతా కాలిపోయింది.
అది వాళ్ళ లెక్క.
నాది వేరు. వ్యాను దీపం కింద కాగితం పెట్టుకుని
పొద్దున పైకెళ్ళినవాళ్ళు పదకొండు మంది,
ఇరవై రెండు చేతులు అని రాసుకున్నాను.
తడిసినవి కూడితే ఇరవయ్యే వచ్చాయి.
మళ్ళీ కూడాను. ఇరవయ్యే.

రోడ్డు మీద, పొద్దుట్నుంచి నిలబడ్డచోటే,
రేడియో చెవికి ఆనించుకుని ఒకడు
అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబిస్తున్నాడు.

మిగిలిన ఐసంతా ఒక తొట్టిలో ఊడ్చి
ఈడ్చుకుంటూ వెళ్ళాను.
"అబీలియో,
కోటు విప్పు."