తూకం

దామలచెరువు మండీలో వేబ్రిడ్జి మీద కూర్చునే మనిషిని.
తోతాపురి లారీ ఎక్కినాక
అంకె ఎగిరెగిరి కుదురుకునేదాకా
ఊపిరి బిగబట్టడమే నా ఉద్యోగం.

పద్దెనిమిది టన్నులు చదివే కంటికి
అరచేతిలో రెండొందల గ్రాములు
ఏం చెప్తాది?

తిరుపతిలో అంగడాయన
లైసెన్సు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
మూడు సెట్లు గాజు మీద పెట్టినాడు.
ఒకటి చీనాది. రెండువేల చిల్లర.
టార్చి ఉండాది, సైరను ఉండాది, ఎఫ్ఎం పాటలూ వస్తాయంట.
"ఇదే తీసుకో, కరెంటు పోతే పనికొస్తాది"
అనింది కోమల, టార్చి వెలిగించి ఆర్పి.
రెండోది జపానుది, రెండు నెలల జీతం.
నీళ్ళలో పడినా పలుకుతాదంట.
నేను పడితే? అని అడగలా.
మూడోది ఎవరో వాడి అమ్మేసుకునింది,
మీట మీద ఆ మనిషి బొటనవేలి అరుగుడు.

అందులో నా వేలు పెట్టి చూసినా.
సరిగ్గా సరిపోయింది.
అందుకే భయమేసింది.

ఏకాంబరం సారుకు ఫోను చేసినా,
ఎక్స్ఛేంజిలో ముప్పైయేండ్లు తీగలు కలిపిన మనిషి,
స్టీలు గ్లాసు మీద స్పూనుతో కొట్టి
నాకు మోర్సు నేర్పిన మనిషి.
ఎన్ని వాట్లది కొనాల సార్, అని నేను.
యాడ నిలబడతావు, అని ఆయన.
"గుంతలో నిలబడి ఎనిమిది వాట్లు అరిస్తే
గుంతకే వినపడతాది అబ్బయా.
చవకది కొను. మిగిలిన దుడ్డుకి తీగ కొను, పైపు కొను.
ఎక్కు."

ఆ వాన నెల గుర్తొచ్చింది.
స్వర్ణముఖి పొంగిన రాత్రి
అందరి చేతుల్లోనూ ఫోన్లుండినాయి,
మొగాలు చూసుకునే అద్దాల మాదిరి.
అవతలొడ్డున మా అక్క ఉండాదో లేదో
తెల్లారేదాకా తెలీలా.

సరే, చీనాదే. టార్చితో సహా.

ఆదివారం. గుజ్జు ఫ్యాక్టరీ వెనక నీళ్ళ ట్యాంకు,
అరవై రెండు మెట్లు.
కింద ఈగలు, పులిసిన తొక్కల వాసన.
పైన ఉత్త గాలి.
మీట నొక్కినా.
నెలల తరబడి కాచుకున్న ఆరక్షరాల పేరు
నాలుగు దాకా వచ్చి గొంతులో నిలబడిపోయింది.
నిలుపు, ఇంజను ఆపు, కిందికి దిగు అని
దినానికి వందమంది డ్రైవర్లను అరిచే నోరు ఇది!

మళ్ళీ నొక్కినా. ఆరూ చెప్పినా.
వదిలినా.

బుస్సుమని శబ్దం.
చంద్రగిరి కొండల మీద మబ్బు నీడ ఒకటి
తిరుపతి దిక్కుకి పోతా ఉండాది.

ఊపిరి బిగబట్టినా,
అంకె కుదురుకునేదాకా.