మూడో కుప్ప

మాలకొండమ్మ ఇంట్లో నేను నిచ్చెనెక్కడం
ఈ ఏడాదికిది నాలుగోసారి.
గ్రేడింగు కూలి చేతికొచ్చిన వారంలో ఒకసారి,
వడగాలి రోజుల్లో రెండుసార్లు,
ఇదిగో ఇవాళ, మబ్బు పట్టిన కందుకూరు సాయంత్రం.
కింద నిచ్చెన కాళ్ళు పట్టుకుని
"మళ్ళీ ఏందబ్బయ్యా దీనికి?" అంటుంది.

దీని రోగమేందో చెప్పడం నా వల్ల కాదు.
మూత తిరగదు, జిగురేసి మూసేశారు.
స్క్రూ విప్పబోతే దాని తల
తడిసిన బెల్లంలా అరిగిపోతుంది.
లోపలి తీగె కంటే
దువ్వెనకి చిక్కిన వెంట్రుక నయం.
బరువు లేదని చేతికి ముందే తెలుస్తుంది,
కంటికి తెలిసేసరికి మూడు నెలలు పడుతుంది.

డబ్బా మీద మాత్రం
ఇరవై వాట్లు, రెండేళ్ళ గ్యారంటీ,
తెల్లటి సోఫాలో నవ్వుతున్న కుటుంబం.
పామూరు రోడ్డు కొట్లో అడిగితే
"డబ్బా తెచ్చావా?" అంటాడు ఖాజా.
డబ్బాలో ఆమె మనవరాలు బొమ్మని పడుకోబెట్టింది.
"బిల్లుందా?" అంటాడు.
నూట నలభై రూపాయలకి బిల్లెవరడుగుతారు?
అతను మాత్రం ఏం చేస్తాడు,
పెట్టెలొస్తాయి, అమ్ముతాడు.
పేరు ప్రతిసారీ వేరే, లోపల సరుకు అదే.

పాత ట్యూబులైటు దేవతేం కాదు.
రాత్రంతా గుంయ్‌మనేది,
వెలగడానికి నాలుగుసార్లు కన్ను కొట్టేది,
మీటరు గిర్రున తిప్పేది.
కానీ చెడితే ఎక్కడ చెడిందో చెప్పేది.
స్టార్టరయితే స్టార్టరు, చోకయితే చోకు,
పది రూపాయల జబ్బుకి పది రూపాయల మందు.
దాని పట్టీ ఇనుము. ఉప్పుగాలికి తుప్పు పట్టేది,
పట్టినాక కూడా పదేళ్ళు మోసేది.

నేనూ పెద్ద నీతిమంతుణ్ణి కాదు.
ఇవి చచ్చిన ప్రతిసారీ నాకు నూరు రూపాయలు.
మావాడి ఐటీఐ ఫీజు సగం
ఇట్టా ఆరిన లైట్లే కట్టాయి.
"ఇది మంచి రకం పిన్నీ" అని
కిందటిసారి ఇప్పించింది నేనే.
అదే ఇప్పుడు నా చేతిలో ఉంది.

పాతికేళ్ళుగా ఆమె పనంతా వెలుతురుతోనే.
కంపెనీ షెడ్డులో, ఉత్తరపు కిటికీ కింద
పొగాకు చూసి రంగు చెబుతుంది.
నిమ్మపండు, నారింజ, గోధుమ, పచ్చ మచ్చ,
వేలు ఆగదు.
ఇంట్లో ఈ లైటు కింద మాత్రం
పసుపు పాలిపోతుందట,
పండుమిరపలో రక్తం చచ్చిపోతుందట.
"అన్నంలో పప్పేసుకుని
పాచిపోయిందేమోనని వాసన చూశానబ్బయ్యా."

నిచ్చెన దిగాను.
మూలనున్న గోనెసంచి ఈడ్చుకొచ్చి
నేల మీద బోర్లించింది.
చచ్చిన లైట్లు, పదకొండు.
బాసింపట్టు వేసుకుని కూచుని
ఆకుని చూసినట్టే చూడ్డం మొదలుపెట్టింది.
తిప్పి, గోటితో గీసి,
చెవి దగ్గర ఆడించి
నమ్మదగింది ఇటు,
ఫరవాలేదన్నది అటు,
మిగతాది కాళ్ళ దగ్గర.

మొదటి కుప్పలో ఒక్కటే,
ఇల్లు కట్టిననాటి పింగాణీ హోల్డరు.
లోపల ఇత్తడి ఇంకా మెరుస్తోంది.
రెండో కుప్ప పడనే లేదు.

"ఇదంతా లో గ్రేడే" అని
మూడోదాన్ని నా వైపు తోసింది.
"వేలంలో ఒక్కడూ పాట పాడడు.
ఆకుకి ఒక్క మచ్చుంటే మా మేస్త్రీ
మొహాన కొడతాడు.
వీటికి మేస్త్రీ లేడా?"

జవాబు తోచలేదు.
హోల్డరు గోడకి బిగించి, నా సంచిలోని బల్బు పెట్టాను.
నూరు ఇవ్వబోతే యాభై చాలన్నా.
అసలే వద్దని ఎందుకనలేదో
బండి మీద వస్తూ ఆలోచిస్తున్నా.

చీకటి పడింది.
కిటికీల్లో ఒక్కో ఇంటిది ఒక్కో తెలుపు,
సున్నం తెలుపు, చేప కడుపు తెలుపు, జ్వరం తెలుపు.
తెలీకుండానే కుప్పలు కడుతూ పోయా.

మా సందు మలుపు తిరిగేసరికి
వసారాలో లైటు
వెలిగి, ఆరి, వెలిగింది.
నేను బిగించిందే.