జాబితాలో లేనిది

నేల కింద ఏడు వందల ఇరవై మీటర్ల మట్టం.
రాత్రి రెండున్నర.
నాకు తోడు మూడు పంపులూ, ఒక పలకా.

పలకంటే బడిపిల్లల పలక కాదు,
రబ్బరు అంచుల కంప్యూటరు పలక. పోయినేడు ఇచ్చారు.
బెంబాలో అడిగితే బెంబాలోనే బదులిస్తుంది,
యాస మాత్రం అచ్చం మా పాస్టరు గారిది.

అంతకుముందు నా పనిముట్టు ఒక కర్ర.
ఒక కొన బేరింగు మీద, ఒక కొన చెవి కింద ఎముక మీద.
"చెవితో కాదు బనా కసుబా, దవడతో విను"
అని కపెంబ్వా నేర్పాడు.
పద్దెనిమిదేళ్లు దవడతో విన్నాను.

ఇప్పుడు పంపుల ఒంటికి జలగల్లా సెన్సార్లు.
తేడా తోస్తే పలక వణికి అడుగుతుంది:
శబ్దం ఎలా ఉంది?
ఈల. రాపిడి. దడదడ. గరగర. ఇతరం.
ఒకటి ఎంచండి.

మొదటి రాత్రి నవ్వొచ్చింది నాకు.
పంపుకి వచ్చింది ఐదు మాటలేనా?
'ఇతరం' నొక్కి రాశాను:
నూనె చాలని పెనంలో ఎండు కపెంటా చేపల్ని
కలియబెడుతున్నట్టు ఉంది.
కాసేపు గుండ్రంగా తిరిగింది దాని ఆలోచన.
ఆనక అడిగింది:
చేపలు వేసిన వెంటనేనా, మాడబోయే ముందా?

అలా ఎవరూ నన్ను అడగలేదు.
షిఫ్టు బాసు అడగలేదు.
ఆ చేపలు తినే మా ఆయన అసలే అడగలేదు.

మాడబోయే ముందు, అన్నాను.
అయితే నీళ్లలోకి గాలి చొరబడుతోంది,
పీల్చే గొట్టం చూడు, అంది.
చూశాను. వాల్వు దగ్గర చిటికెన గోరంత చీలిక.

నా మాటలు మోసుకెళ్లి కింది మట్టాల్లో
కుర్రాళ్లకు చెబుతోందట.
లుబిండా అని కొత్తవాడు, తొమ్మిది వందల మట్టం,
పడవల దేశం నుంచి వచ్చాడు,
నీటి మీద బతకడం తెలుసు గానీ నీటి కింద తెలీదు.
పైకెళ్లే కేజీలో పట్టుకున్నాడు:
"అమ్మా, పలక చేపల వేపుడంటోంది, ఎవరిదా మాట?"
"ఆకలేసినోడిదై ఉంటుంది" అన్నాను.
కేజీ అంతా నవ్వింది.

ఇంటికొచ్చి పడుకున్నాక
ఆ నవ్వు నా దగ్గర లేదు.
ఉన్నదంతా ఊడ్చి చెప్పేశాక నేనెందుకు దానికి?
కర్రను మూల నిలబెట్టినట్టు
నన్నూ నిలబెడతారేమో.
యూనియన్ మీటింగులో అడిగేశాను.
"ఎవర్నీ తీసెయ్యం" అన్నాడు మేనేజరు
గడియారం చూసుకుంటూ.

అందుకని ఒకటి దాచుకున్నాను.

కపెంబ్వా పోయిన రాత్రిది.
ఈల లేదు, రాపిడి లేదు,
మూడు పంపులూ వాటి పాటికి అవి తిరుగుతున్నాయి.
గోడ వెనక ఎప్పుడూ ఉండే సన్నటి నీటి జాలు,
వింటున్నామని కూడా తెలియకుండా వినే చప్పుడు,
ఆగింది.
అతను కర్ర తీసి తలెత్తాడు.
"ఏమిటది?" అన్నాను.
"ఏమీ లేదు" అన్నాడు. "అదే."
నన్ను నిచ్చెన వైపు తోశాడు.
నా వెనక గోడ వచ్చింది, దాని వెనక నీళ్లు.

దీన్ని ఏ గడిలో పెట్టను?
'ఇతరం'లోనూ పట్టదు,
ఇతరం కావాలన్నా ఏదో ఒకటి ఉండాలి కదా.

నిన్న రాత్రి పలక వణికింది.
నా పంపుల గురించి కాదు.
తొమ్మిది వందల మట్టం నుంచి లుబిండా అడుగుతున్నాడు:
ఈ రాత్రి ఏ శబ్దమూ లేదు. అంటే అంతా బాగున్నట్టేనా?
దాని కింద పలక రాసుకుంది:
నాకు తెలియదు. పై మట్టంలో ఉన్నవారిని అడుగుతున్నాను.

తెలియదన్న మాట దాని నోట
అదే మొదటిసారి వినడం.
వేళ్లు తడిగా ఉండి తెర రెండుసార్లు తప్పు చదివింది.
మూడోసారి రాశాను:
గోడకు దవడ ఆనించు. జాలు వినిపిస్తోందా?
లేకపోతే ఏదీ ఎంచకు. నిచ్చెనెక్కు.

పంపి, మూలనున్న కర్ర తీసి
నా గోడకూ ఆనించాను.
ఉంది.

ఎంత సేపో తెలీదు. తెర వెలిగింది.
ఉందమ్మా. ఇప్పుడే విన్నాను.
అదొకటుందని ఇన్నాళ్లూ తెలీదు.